బరువెత్తరాదు

అనంతపురం పెద్దాసుపత్రి కాగితంలో
అంతా ఇంగిలీసే, ఒక్క ముక్క తప్ప.
కిందాఖర్న నర్సమ్మ చేత్తో తెలుగులో రాసింది:
ఆరువారాలు బరువెత్తరాదు.

చదివితే నవ్వొచ్చింది.
నవ్వితే కుట్లు పట్టేసినాయి.

తాడిపత్రిలో ఎవుర్నడిగినా చెప్తారు
కుళ్లాయప్పంటే బండలెత్తేటోడని.
పద్దెనిమిదో ఏట మొదలుబెట్టినా.
ఈ భుజమ్మీద ఎన్నూర్ల వసారాలు
ఎన్నిండ్ల వంటగట్లు లారీలెక్కి పోయినాయో
నాకే లెక్కల్యా.

లోపల చీముపట్టిందాన్ని తీసి
డబ్బాలో పెట్టి రామాంజినమ్మకు చూపించినారంట.
"మొలకొచ్చిన సెనక్కాయంత లేదు,
దీనికా నువ్వు రాత్రంతా నేలమీద పొర్లింది!" అంటాంది.
నిజమే. దానికే.

కోత నాలుగు వేళ్ల పొడుగు, కుడిపక్క, ఏటవాలుగా.
మా మేస్త్రీ ముందర బండను ఇంత వంకరగా కోసింటే
ఆ దినం కూలి కోసేవాడు.

ఇప్పుడు లేయడమే ఒక పని.
ముందు పక్కకు తిరగాల, మోకాళ్లు ముడవాల,
మోచెయ్యి నేలకానించి
నన్ను నేను రవ్వంత రవ్వంత పైకి జరపాల.
పెద్ద బండను లేపేటప్పుడూ ఇంతే,
గడ్డపార మొన దూర్చి, కింద రాయి పెట్టి, ఆగి, మళ్లా.
బండకు నొప్పుంటాదని అప్పుడనుకోల్యా.

దగ్గొస్తే మాత్రం దేవుడే దిక్కు.
ఇన్నేండ్లు పాలిష్ మిషన్ పక్కన మింగిన దుమ్మంతా
నాకు తీరుబాటు దొరికిందని తెలుసుకోని
ఇప్పుడే బయటికొస్తానంటాది.
బూరుగుదూది దిండు కడుపుకు అదుముకోని
కండ్లు మూసుకోని దగ్గుతా.
అవతలింటి మాబున్నమ్మ గోడమీంచి అరుస్తాది,
"వంకాయ పెట్టొద్దు పాపా, చీముపడతాది!"
డాక్టరేమో అన్నీ తినొచ్చనె.
మా ఇంట్లో మాబున్నమ్మదే పైమాట.

ఎల్లకిలా పడుకుంటే పైకప్పు బండలు.
పదకొండు. అన్నీ నేను తెచ్చినవే,
మూల విరిగి యాపారానికి పనికిరాకపోతే
ఓనరు సగం ధరకిచ్చినవి.
ఏడో బండలో సన్నని తెల్ల నరముంది.
ఆరేండ్లాయ ఈ ఇంట్లో. ఇప్పుడు కనపడింది.

మూడోదినం ఓబులేసు వచ్చినాడు, అరడజను అరిటిపండ్లు.
ఓనరు నడక నడిచి చూపించినాడు,
"వద్దురా సామీ, కుట్లు" అంటాన్నా వినకుండా.
నవ్వి నవ్వి ఏడ్చినా.
పొయ్యేటప్పుడు, చెప్పులేసుకుంటా, తల ఎత్తకుండా చెప్పినాడు
నా జాగాలో కొలిమిగుండ్ల పిల్లోడు చేరినాడని.
మంచోడేలే, ఆరడుగుల బండ ఒక్కడే లేపుతాడని.

గీతికకు మూడేండ్లు.
అంగన్‌వాడీ తక్కెట్లో పద్నాలుగు కేజీలు.
నాయన కడుపును బూచి కరిచిందని వాళ్లమ్మ చెప్పినప్పట్నుంచి
దూరంగా నిలబడే చేతులు రెండూ పైకెత్తుతాది.
ఎత్తుకోమని కాదు. ఊరికే. అలవాటు కొద్దీ.

పొద్దున నీళ్ల ట్యాంకరొచ్చింది.
తొమ్మిది బిందెలు. గడపకాడ నిలబడి చూస్తా ఉన్నా.
ఒకదాని అంచు పట్టుకోబోతే
రామాంజినమ్మ నా మొగం కూడా చూల్యా,
"కాగితం చదువు" అనింది.
బిందెకు పదహైదు కేజీలు. తొమ్మిది సార్లు. దినం మార్చి దినం.
ఇంకా పిల్ల, సిలిండరు, తడిసిన దుప్పట్లు.
కంటితో చూసి బరువు చెప్పేది నా పనే కదా,
ఇంట్లో ఎప్పుడూ చెప్పుకోల్యా.

గీతికను కూడా కోసే తీసినారు.
ఆమెకూ ఏదో కాగితమిచ్చే ఉంటారు,
యాడ పెట్టిందో, ఎవురు చదివినారో.
పదో దినానికి ట్యాంకరుకాడ లైన్లో ఉండె.
నేను లోడింగులో ఉంటి.
కోత ఎన్నివేళ్ల పొడుగో నేనడగల్యా.

రాత్రి నా ఎడంపక్క పడుకుంది, కుట్లకు దూరంగా.
ఆమె కడుపుమీద చెయ్యి పెట్టినా, చీరమీదనే,
ఆ గీత ఉండేకాడ.
చానాసేపు ఏమీ అనల్యా.
"నిద్రపో" అనింది, "రేపు ట్యాంకరు రాదులే."